దొరసాని జుట్టు

మా ఇంట్లో కుక్కకు జరిగే భోగం మనిషికి జరగదు. ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచి ఈ మాట అంటూనే ఉన్నాను. నాకు నోరెక్కువని మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది. ఎక్కువే మరి. పొద్దస్తమానం బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునే మనిషికి నోరు లేకపోతే జనం కిటికీలోంచి చెయ్యి పెట్టి మెడ పట్టుకుంటారు.

మా ఆయన పని కుక్కల్ని పోటీల్లో నడిపించడం. కుక్కలు ఎవరివో. వాటికి స్నానం చేయించి, ఆరబెట్టి, దువ్వి, జడ్జీ ముందు ఠీవిగా నడిపించేది ఈయన. కప్పు వస్తే ఫొటోలో యజమాని నవ్వుతూ ఉంటాడు, ఈయన మోకాలు ఓ మూల కనిపిస్తుంది. చొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు దువ్వెన ఉంటుందని తోటివాళ్లు ఆయనకు దువ్వెన అని పేరు పెట్టారు. నెత్తిమీద చూస్తే నున్నటి బట్టతల. ఆ పేరు విన్న కొత్తవాళ్లు ముందు తల వంక చూసి, తర్వాత నా వంక చూసి నవ్వు ఆపుకునేవాళ్లు. నేను ఆపుకునేదాన్ని కాదు.

అలా ఊళ్లోవాళ్ల కుక్కల్ని నడిపించి నడిపించి, నడివయసు దాటాక తనకంటూ ఒక పిల్లను తెచ్చుకున్నాడు. మాల్టీస్ జాతి. తెల్లగా పిడికెడు దూదిలా ఉంది. వచ్చిన రోజే నా చెప్పులో పడుకుని, తీస్తే గుర్రుమంది. "అబ్బో, దొరసాని!" అన్నాను. అదే పేరైంది.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. మా ఇంట్లో జుట్టున్నమ్మ కుక్కే. ఆ జాతికి వీపు మధ్యన పాపిడి. అక్కణ్ణుంచి రెండువైపులా జుట్టు నేల దాకా జారాలి. నడుస్తుంటే కాళ్లు కనిపించకూడదు. అంత జుట్టు రావడానికి ఏళ్లు పడుతుంది, పోవడానికి ఒక పూట చాలు. గోక్కుంటే తెగుతుంది, తడిస్తే చిక్కుపడుతుంది, తివాచీ మీద పొర్లితే ఊడుతుంది. అందుకని దొరసానికి వెనక కాళ్లకు నూలు మేజోళ్లు. గిన్నెలో నీళ్లు తాగితే గడ్డం తడుస్తుందని గోడకు సీసా కట్టి దానికో గొట్టం. ఇంట్లో తివాచీలన్నీ చుట్టి అటకెక్కించాడు. చలికాలమంతా మేం చల్లటి గచ్చు మీద కాళ్లు కొంకర్లు పోతూ తిరిగాం, దొరసాని మాత్రం పట్టు దిండు మీద పడుకుంది. చూశారా మరి, భోగం అంటే ఊరికే అనలేదు.

అన్నిటికంటే పెద్ద పని పొట్లాలు. పోటీ లేని రోజుల్లో ఆ జుట్టును వదిలేయకూడదు, కట్టి దాచాలి. ఒక్కో పాయ తీసి, దాని కింద పల్చటి తెల్ల కాగితం పెట్టి, నిలువుగా మడిచి, కొస నుంచి పైకి చుట్టుకుంటూ వచ్చి, ఆ చిన్న పొట్లానికి నడుం దగ్గర బుల్లి రబ్బరు బ్యాండు వెయ్యాలి. ఒళ్లంతా అలాంటి పొట్లాలే. పార్లరులో తలకు రోలర్లు చుట్టించుకుని విసుగ్గా కూర్చున్న ఆవిడలా ఉంటుంది దొరసాని. రబ్బరు బిగిస్తే చర్మం లాగి అదే కొరుక్కుంటుంది. వదులైతే పొట్లం జారి జుట్టు నలుగుతుంది. రోజూ అన్నీ విప్పాలి, నీళ్లు చిలకరించాలి, కొసల నుంచి దువ్వాలి, మళ్లీ కట్టాలి. పొడి జుట్టుకు దువ్వెన తగిలిందా, మా ఆయన ఇంట్లో హత్య జరిగినట్టు అరిచేవాడు. విప్పేటప్పుడు రబ్బరును లాగితే నాలుగు వెంట్రుకలు దాంతోపాటే వస్తాయి. అందుకని మొన గుండ్రంగా ఉండే చిన్న కత్తెర ఒకటి ఉంది. దాని కొన రబ్బరు కిందికి దూర్చి, కాస్త పైకెత్తి, రబ్బరును మాత్రం పుటుక్కుమనిపించాలి. "లాగొద్దు, కత్తిరించు. లాగొద్దు, కత్తిరించు." మా ఇంట్లో పొద్దున లేస్తే వినిపించే మాట ఇదే. పక్కింటివాళ్లకు కూడా నోటికొచ్చు.

దొరసాని జుట్టు నేలకు తాకడానికి ఇంకా బెత్తెడు ఉందనగా, ఒక పోటీ మైదానం బయట వ్యానులోకి బోను ఎత్తుతూ మా ఆయన పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. గొంతులోంచి ఒక మూలుగు వస్తుంది, అంతే. ఆకలికీ అదే, దాహానికీ అదే, కోపానికీ అదే. మాతో రోజంతా గొడవపడే మనిషి, ఇప్పుడు ఏం కావాలో మేం కనుక్కునేదాకా మూలుగుతూ ఉండాల్సిందే.

ఆస్పత్రి నుంచి తెచ్చాక ఆయన గోడవైపు మొహం తిప్పుకుని పడుకున్నాడు. ఎడమ చెయ్యి నిక్షేపంగా ఉంది. దాన్ని కూడా కదిపేవాడు కాదు. చెంచా చేతికిస్తే వేళ్ల మధ్యనుంచి జారిపోనిచ్చేవాడు. నోట్లో పెడితే ఒక ముద్ద మింగేవాడు, రెండోది పెదవుల పక్కనుంచి కారిపోయేది. డాక్టరు నన్ను వసారాలోకి పిలిచి చెప్పాడు. "మందుల్లో లోపం లేదమ్మా. మనిషికి బతకాలని ఉండాలి. ఆయనకు లేదు. ఇలా ఉంటే ఎక్కువ రోజులు నిలబడడు."

ఆ రోజుల్లో దొరసానిని చూసే తీరిక ఎవరికుంది? పొట్లాలు విప్పేవాళ్లు లేక జుట్టు మొదళ్లలో ఉండలు కట్టడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం కూర్చుని నేనే విప్పాను, దువ్వాను, మళ్లీ కట్టబోతే చేతకాలేదు. పాయ పట్టుకుంటే కాగితం జారుతుంది, కాగితం పట్టుకుంటే పాయ విడిపోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. కుక్కను ఎత్తుకెళ్లి ఆయన మంచం మీద కుదేశాను.

"నాకున్నవి రెండు చేతులే. ఒకటి జుట్టు పట్టుకోవాలి, ఒకటి రబ్బరు వెయ్యాలి. కాగితం ఎవరు పట్టుకుంటారు, మీ తాత వస్తాడా? చావాలనుంటే చావండి, ఎవరొద్దన్నారు? ఈ పొట్లాలు కట్టేదాకా ఆగి చావండి!" అని కాగితం ఆయన గుండెల మీదికి విసిరాను.

అత్తగారు గుమ్మంలో నిలబడి చెవులు మూసుకుంది. "అయ్యయ్యో, నోరు కాదే నీది! మంచంలో ఉన్నవాణ్ణి పట్టుకుని అవేం మాటలే!"

ఆయన మొహం గోడవైపే ఉంది. దొరసాని ఆయన పొట్టమీదికెక్కి చంకలో మూతి పెట్టింది. కాసేపటికి ఎడమ చెయ్యి లేచింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పట్టుకుని, మధ్యవేలితో నిలువునా మడత నొక్కి, నా ముందు పెట్టింది. నేను రెండు చేతులతో అంతసేపూ తంటాలు పడ్డ మడత అది. ఆ సాయంత్రం పొట్లాలన్నీ ఇద్దరం కట్టాం. నేను వంకరగా కట్టినచోటల్లా ఆయన మూలిగాడు, నేను విప్పి మళ్లీ కట్టాను. తర్వాత చెంచా తనంతట తాను పట్టుకుని తిన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

అప్పటినుంచి ఆ జుట్టే ఆయనకు అన్నం, మందు. నేను పనినుంచి రావడం ఆలస్యమైతే తలుపు వంకే చూస్తుండేవాడట. వచ్చి చెప్పులు విడిస్తే చాలు, ఎడమ చెయ్యి దుప్పటి మీదికి వచ్చేది. పొట్లాలు విప్పాక జుట్టంతా మంచం మీద పరిచేదాన్ని. ఆ చెయ్యి అందులో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. నాకు కోపం వచ్చినా, నడుం విరిగేలా ఉన్నా, ఒక్క సాయంత్రం కూడా మానలేదు. ఆ చెయ్యి దేనికోసం లేచిందో నాకు తెలుసు. మళ్లీ పడిపోతే ఇక లేవదని కూడా తెలుసు.

మేం ముగ్గురం పనులు పంచుకున్నాం. ఆయన కాగితం పట్టుకుంటాడు, నేను కడతాను, అత్తగారు కుర్చీలో కూర్చుని తెగిన రబ్బరు ముక్కలు, పాత కాగితాలు పళ్లెంలో వేస్తుంది. మా అత్తగారు ఊరికే కూర్చునే మనిషి కాదు. ఏదో ఒకటి తుడుస్తూ, మడతపెడుతూ ఉంటుంది. ఈమధ్య చక్కెర డబ్బాకూ ఉప్పు డబ్బాకూ తేడా లేకుండా పోయింది. ఒకరోజు ఉప్పు వేసిన టీ ఇస్తే, "నా మీద కోపం ఉంటే తిట్టండి అత్తయ్యా, ఇలా చంపకండి," అన్నాను. "నీ నోటికి తీపైతే ఏం, ఉప్పైతే ఏం," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. గిన్నె అందుకునే ముందు ఆవిడ బల్ల అంచు తడుముకోవడం చూశాను కూడా. ముసలితనం అనుకున్నాను.

జుట్టు నేలకు తాకింది. ఆదివారం పెద్ద పోటీ. ఒక్క గెలుపు వస్తే దొరసాని ఛాంపియన్ అవుతుంది, దాని పేరు పక్కన మొదటిసారి ఆయన పేరే ఉంటుంది, యజమానిగా. ఆయన్ను చక్రాల కుర్చీలో బరి పక్కన కూర్చోబెట్టాలి. దొరసానిని నేను నడిపించాలి! నేనంటే నేనే. పొట్లాలతోనే దాన్ని హాల్లో, ఆయనకు మంచం మీంచి కనిపించేలా, అటూ ఇటూ తిప్పి సాధన చేశాను. నేను వేగంగా నడిస్తే ఆయన మంచం పట్టీ మీద ఎడమ చేత్తో టకటకా కొట్టేవాడు. మెల్లగా నడిస్తే ఇంకా గట్టిగా కొట్టేవాడు. "ఏం, బస్సు నడుపుతున్నాననుకున్నారా?" అంటే ఆయన మూతి ఒకవైపుకు సాగేది. జబ్బు చేశాక ఆయన నవ్వడం అప్పుడే చూశాను. సగం మొహంతో నవ్వినా నవ్వు నవ్వే.

శుక్రవారం సాయంత్రం పొట్లాలన్నీ విప్పి దొరసానికి పోటీ స్నానం చేయించాలి. మొద్దుబారిందని చిన్న కత్తెరను పొద్దునే సంచిలో వేసుకెళ్లి మధ్యాహ్నం సాన పట్టించాను. తీరా ఇంటికి బయలుదేరే వేళకు నా తర్వాత కూర్చోవాల్సిన అమ్మాయి రాలేదు. కిటికీ ముందు జనం. ఇంటికి ఫోను చేసి, ఆలస్యమవుతుందని అత్తగారికి చెప్పాను. "కంగారుపడకే. నిదానంగా రా. ఇక్కడ నేను లేనూ?" అంది. ఎంత నిశ్చింతగా అందో ఆ మాట.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. తలుపు తియ్యగానే ఏదో తెల్లటిది నా కాళ్లకు చుట్టుకుంది. ఎవరింటి కుక్కపిల్లో తప్పిపోయి వచ్చిందనుకున్నాను. గులాబీరంగు చర్మం కనిపిస్తోంది. ఒకచోట కురచగా, ఒకచోట అంతకంటే కురచగా, ఎలక కొరికినట్టు కుచ్చులు. వెనక కాళ్లకు మేజోళ్లు ఉన్నాయి. ఆ మేజోళ్లు చూసి గుర్తుపట్టాను. దొరసాని నా మోకాళ్ల దాకా ఎగిరింది. ఆ కాళ్లతో అంత ఎత్తు ఎగరగలదని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

అత్తగారు హాల్లో కుర్చీలో కూర్చుని వేళ్లు ఒత్తుకుంటోంది. మొహం వెలిగిపోతోంది.

"వచ్చావా? అలిసిపోయి వస్తావు కదా అని అన్నీ విప్పేశాను. ఒక్కటీ లాగలేదు, అన్నీ కత్తిరించే తీశా. చూడు, పొట్లం పొట్లంగా ఎంత చక్కగా ఊడొచ్చాయో. ఇక నువ్వు నీళ్లు పొయ్యడమే."

బల్ల మీద పళ్లెం. దాని నిండా పొట్లాలు. రబ్బర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఈసారి కొత్తరకం రబ్బర్లు తెచ్చావా? మహా మొండివే. చిన్న కత్తెర కనపళ్లేదు, బట్టలు కత్తిరించేదాంతో చేశా. నొక్కలేక వేళ్లు వాచాయి."

ఒక పొట్లం తీసి రబ్బరు తెంపాను. మడతలు విప్పి కాగితం కింద పడేశాను. నా గుప్పిట్లోంచి తెల్లటి పాయ జారి నా నడుం దాకా వేలాడింది. ఆ కొసలు దొరసాని పసిపిల్లగా ఉన్నప్పటివి. ఆయన కుడి చెయ్యి ఆడుతున్న రోజుల్లో, ఆ చేత్తో దువ్విన వెంట్రుకలు అవి.

"అత్తయ్యా, నా చేతిలో ఏముంది?"

"కాగితం."

"సరిగ్గా చూసి చెప్పండి."

"కాగితమేగా. తెల్లగా కనిపిస్తుంటేనూ. ఏంటే ఈ పరీక్షలు?"

"మీకు కళ్లు కనపడటం లేదా?"

ఆవిడ మొహంలో వెలుగు తగ్గింది. "కొంచెం మసకలే. మంచు పట్టినట్టు. పొద్దున బాగానే ఉంటుంది."

"ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచో. నీకెలా చెప్పనే? ఒకణ్ణి మోస్తున్నావు. నన్ను కూడా మొయ్యమననా?"

ఆ మాటకు జాలి పడాల్సింది. నేను పడలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు పడితే ఎవరికైనా ముందు వచ్చేది కేకే. "మీరు కత్తిరించింది రబ్బర్లు కాదు! జుట్టు! జుట్టంతా మొదలంటా కోసి పళ్లెంలో పోశారు! ఆదివారం పోటీ ఉంటే శుక్రవారం దాన్ని బోడిగుండు చేసి కూర్చోబెట్టారు! కనపడకపోతే కనపడదని ఏడవచ్చుగా! ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని? ఎవరడిగారు?"

ఆవిడ చెయ్యి చాపి గాలిలో వెతికింది. దొరసాని ఆ చేతి కిందికి వెళ్లి వీపు పెట్టింది. ఆవిడ వేళ్లు మెడమీది నుంచి తోక దాకా వెళ్లాయి, మళ్లీ వెనక్కి వచ్చాయి. వాచిన వేళ్లకు కూడా అర్థమైంది. నేను అరిచీ అరిచీ ఆగిపోయాను.

ఆవిడ అడిగింది. "అయితే వాడు అరిచింది అందుకా?"

"ఎవరు?"

"వాడే. ఇక్కడ కూర్చుని మొదలుపెట్టానే. రెండు కత్తిరించానో లేదో, లోపలినుంచి మూలుగు. నీళ్లు పట్టా, తాగలేదు. పక్కకు తిప్పా, ఊరుకోలేదు. తన ముందు చెయ్యకుండా నేనొక్కదాన్నే చేస్తున్నానని అలిగాడేమో అనుకున్నా. అందుకని కుక్కను ఎత్తుకెళ్లి వాడి మంచం మీదే కూర్చుని చేశా."

"ఆయన ముందా?"

"వాడి ముందే. పట్టుకోవడం వాడి పని కదా అని ఊడొచ్చిన ప్రతిదీ వాడి చేతికిచ్చా. పడేశాడు. జారిందనుకుని ఏరి మళ్లీ ఇచ్చా. కుక్కను లాక్కోబోయాడు. ముద్దొచ్చిందేమో అనుకున్నా. నా మణికట్టు పట్టుకున్నాడే. ఎంత గట్టిగా పట్టుకున్నాడో! వాడి చేతికి ఇంత బలం వచ్చిందని, నువ్వు రాగానే చెప్పాలని, సంతోషంతో..." ఆవిడ తన మణికట్టు తడుముకుంది. "విడిపించుకుని మళ్లీ కత్తిరించానే. 'ఉండరా కన్నా, అయిపోయింది, ఇంకొంచెమే' అని బుజ్జగించా. కాసేపటికి అరవడం మానేశాడు. నా బుజ్జగింపు పనిచేసిందనుకున్నా."

నేను ఆయన గదిలోకి వెళ్లాను. దుప్పటి నిండా తెల్లటి తునకలు. ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి దిండు తడిసి ఉంది కానీ ఇప్పుడు ఏడవడం లేదు. "ఏమండీ," అన్నాను. దొరసాని ఒక్క గంతులో మంచమెక్కి ఆయన చెవి నాకింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేనూ ఆ మంచం అంచున కూర్చున్నాను. జుట్టు పోతే మొలవదా అని ఎవరైనా అంటారు. దొరసాని చిన్నపిల్ల కాదు. మళ్లీ నేలకు తాకేసరికి అది ముసలిదవుతుంది, ఆయన అప్పటికి ఉండడు. ఆ లెక్క ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆదివారం వచ్చింది, పోయింది. దొరసాని మాత్రం పండగ చేసుకుంది. మేజోళ్లు విప్పేశాను. జన్మలో మొదటిసారి గోక్కుంది, పెరటి మట్టిలో పొర్లింది, గిన్నెలో మూతి ముంచి నీళ్లు తాగింది. ఇంత సంతోషం దానికి మేం ఇన్నాళ్లూ ఇవ్వలేదన్నమాట. దాన్ని చూస్తే నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలిసేది కాదు. రెండూ వచ్చేవి కావు.

ఆయన చెయ్యి లేవలేదు. చెంచా ఇస్తే వేళ్ల మధ్యనుంచి జారింది. నేను ఊరుకుంటానా? ఉన్న జుట్టునంతా సమంగా కత్తిరించి, వేలెడంత ఉన్నచోట కూడా కాగితం పెట్టి చుట్టబోయాను. "పట్టుకోండి! మళ్లీ పెంచుదాం. మీరు పట్టుకోకపోతే ఎవరు పట్టుకుంటారు?" అని అరిచాను. తిట్టాను. బతిమాలాను. నా జన్మలో ఎవరినీ అంత బతిమాలలేదు. గుండెల మీద కాగితం అలాగే ఉండిపోయింది. ఊపిరికి పైకీ కిందికీ కదులుతూ ఉంది, అంతే. చివరికి నేనే తీసేశాను.

డాక్టరు వచ్చి ఆ చెయ్యి ఎత్తి చూశాడు, గుచ్చి చూశాడు. "ఈ చేతికి ఏ జబ్బూ లేదు," అన్నాడు. "ఆయనే కదపడం లేదు." తర్వాత నన్ను వసారాలోకి రమ్మనలేదు. చెప్పాల్సింది ముందే చెప్పాడు కదా.

అత్తగారు ఆ మాట విన్నది. ఆ రోజు నుంచి ఆవిడ దేన్నీ తుడవడం లేదు, మడతపెట్టడం లేదు. కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంటోంది. డాక్టరు వెళ్లాక గోడ పట్టుకుని లేచి ఆయన గదిలోకి వెళ్లింది. తడుముకుని మంచం పక్కన కింద కూర్చుంది. ఆయన ఎడమ చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది.

"కొట్టరా. ఒక్క దెబ్బ కొట్టు. నీకు బలముంది, నాకు తెలుసు. ఆ రోజు నా చెయ్యి పట్టుకున్నావుగా, అంత గట్టిగా కొట్టు."

చెంప మీది నుంచి ఆ చెయ్యి జారి మంచం పట్టీకి తగిలింది. ఆవిడ మళ్లీ ఎత్తుకుని మళ్లీ చెంపకు ఆనించుకుంది. మళ్లీ జారింది. నేను వెళ్లి ఆవిడ భుజాలు పట్టుకుని లేపాను. చిన్నపిల్లంత బరువు కూడా లేదు. ఆ రోజు నేను అరిచిన అరుపులన్నీ నా గొంతులోనే ఉన్నట్టనిపించింది. తిట్టినా పోయేది కాదు, తిట్టకపోయినా పోయేది కాదు ఈ బాధ.

కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. "అత్తయ్యా, రేపు నేను సెలవు పెడతాను. కంటి డాక్టరు దగ్గరికి వెళదాం. పొర తీసేస్తే సరిపోతుందట. చిన్న ఆపరేషనే. బస్టాండులో మాతో పనిచేసే పెద్దాయన చేయించుకున్నాడు, ఇప్పుడు దూరపు బస్సు నంబరు కూడా చదువుతున్నాడు."

"వద్దు."

"ఎందుకొద్దు? జరిగిందేదో జరిగింది. కళ్లు పోగొట్టుకుని కూర్చుంటే జుట్టు వస్తుందా? మొండికెయ్యకండి. నేను తీసుకెళతాను."

"నాకు కోపం లేదే నీమీద. నువ్వన్న మాటల్లో అబద్ధం లేదు." ఆవిడ గ్లాసు కింద పెట్టడానికి బల్ల కోసం వెతికింది. నేను అందుకున్నాను. "కళ్లొస్తే వాడి మొహం కనిపిస్తుంది. ఇన్నాళ్లూ కనపడలేదు కాబట్టి వాడి పక్కన కూర్చోగలుగుతున్నా. నన్ను తీసుకెళ్లకు."

గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా నోటికి ఒక్క మాట రాలేదు.